బుడ్డలు పడని పిల్లాడితో పండక్కి ఊరెళ్లడం ఎలా

బెంగళూరులో ఉండేవాళ్లకు సంక్రాంతికి టికెట్లు దొరికాయంటే సగం పండగ అయిపోయినట్టే. మా ఇంట్లో మాత్రం అసలు పని టికెట్లు దొరికాకే మొదలవుతుంది. మా బాబుకు ఎనిమిదేళ్లు. వేరుశనగ (మా అత్తగారి వైపు మాటలో బుడ్డలు), జీడిపప్పు పడవు. దానికి తోడు ఆస్తమా. మేముండేది మారతహళ్లిలో, మా అత్తగారి ఊరు నంద్యాల దగ్గర పల్లె. ఒకసారి గట్టిగా దెబ్బతిని, రెండు మూడుసార్లు తప్పించుకుని, ఇప్పటికి ఒక పద్ధతి కుదుర్చుకున్నాం. మీ పిల్లలకు పడనిది పాలో, గుడ్డో, రొయ్యలో కావచ్చు, మీ ఊరు నెల్లూరో తెనాలో కావచ్చు. పేర్లు మార్చుకుని వాడుకోండి. నేను డాక్టర్ని కాను కాబట్టి మందుల మోతాదుల దగ్గర మాత్రం మీ డాక్టరు రాసిచ్చిన కాగితమే చివరి మాట.

నెల ముందు: డాక్టరు దగ్గరికి

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. టికెట్టు తీసుకున్న రోజే డాక్టరు అపాయింట్‌మెంటు కూడా తీసుకోండి. ప్రయాణానికి కనీసం మూడు నాలుగు వారాల ముందు చూపించాలి, ఎందుకంటే మందు మార్చాల్సివస్తే అది పనిచేయడానికి టైము పడుతుంది. ఆస్తమా అదుపులో లేని పిల్లలకు తిండి అలర్జీ వస్తే అది ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఎక్కువ. రెండూ వేర్వేరు జబ్బులని చాలాకాలం నేనూ అనుకున్నాను. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి.

అదుపులో ఉందో లేదో తెలుసుకోవడానికి గడిచిన నాలుగు వారాలు గుర్తుచేసుకోండి. ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వాడాల్సొచ్చిందా? పగలు పిల్లికూతలు వారానికి రెండుసార్లు మించాయా? రాత్రి దగ్గుతో లేచాడా? ఆటల పీరియడ్‌లో కూర్చుండిపోతున్నాడా? వీటిలో ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చెప్పి తీరాలి. రోజూ వాడే ఇన్‌హేలర్‌ను 'బాగానే ఉన్నాడుగా' అని పండగ ముందు ఆపేసే తల్లిదండ్రులు చాలామంది. దాని వల్లనే కదా బాగున్నాడు!

డాక్టరు దగ్గర మూడు విషయాలు అడిగి తీసుకోండి.

మొదటిది, ఏ లక్షణానికి ఏ మందు, ఎంత, ఎన్ని నిమిషాలకు అని రాసిన ప్లాను. ఒక పేజీ చాలు, వీలైతే తెలుగులో. అత్తగారు చదవగలగాలి.

రెండోది అడ్రినలిన్. తీవ్రమైన అలర్జీకి మొదటి మందు ఇదే. తొడ బయటివైపు మధ్యలో, కండలోకి ఇవ్వాలి. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్కన వేస్తారు. పెన్నులా ఉండే ఆటోఇంజెక్టర్ మనకు ప్రతి మందుల షాపులో దొరకదు. అందుకే చాలామంది డాక్టర్లు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు గొట్టం), సిరంజి ఇచ్చి నేర్పిస్తారు. ఎన్ని మిల్లీలీటర్లు లాగాలో సిరంజి మీద స్కెచ్‌పెన్నుతో గీత గీయించుకోండి. ఇన్సులిన్ సిరంజి వాడొచ్చులే అని ఎవరైనా అంటే వినకండి. దాని సూది పొట్టిది, కండ దాకా దిగదు. ఖాళీ సిరంజితో బత్తాయి పండు మీద నేనూ మా ఆయనా పదేసిసార్లు గుచ్చి నేర్చుకున్నాం. మొదటిసారి నా చేయి వణికిన వణుకుకి ఆ పండు రసమంతా టేబుల్ మీదే.

మూడోది, ప్రయాణంలో ఈ మందులు, సిరంజి వెంట ఉంచుకోవాలని లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు. విమానంలో వెళ్తే సెక్యూరిటీ దగ్గర ఇది చూపిస్తే సరిపోతుంది.

రెండు వారాల ముందు: ఊరికి ఫోను

నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ముఖ్యమైన పని ఇదే. హోటళ్లకు మనం భయపడతాం, జాగ్రత్తపడతాం. సొంత మనుషుల ఇంట్లోనే ఏమరుపాటుగా ఉంటాం. ప్రమాదమంతా ఆ ప్రేమలోనే ఉంది.

రెండేళ్ల కిందట కనుమ రోజున బంధువుల ఇంట్లో భోజనం. "గుళ్లన్నీ ఏరేసినాలే అమ్మా, నీ కొడుక్కి వేరేగా తీసిపెట్టినా" అంటూ ఒకావిడ పులిహోర గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టింది. పచ్చగా మెరిసే అన్నం, పైన కరివేపాకు, రెండు ఎండుమిరపకాయలు. నిజంగానే ఒక్క వేరుశనగ గుండూ లేదు. కానీ గుళ్లు వేగిన నూనెలోనే తిరగమోత పడింది, ఆ నూనే అన్నంలో కలిసింది. నేను చేయి కడుక్కుని వచ్చేలోపు వాడు రెండు ముద్దలు తిన్నాడు. "అమ్మా, గొంతులో గడ్డి ఉన్నట్టుంది" అన్నాడు. పై పెదవి ఒక పక్క ఉబ్బింది. మెడ మీద దద్దుర్లు లేచాయి. తర్వాత దగ్గు మొదలైంది, ఆగకుండా. మేం చేసిన తప్పేమిటంటే, సెట్రిజిన్ సిరప్ పట్టి ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. ఆసుపత్రిలో తొడకు ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు ఒకటే మాట అన్నాడు: "సెట్రిజిన్ దురదకమ్మా, ఊపిరికి కాదు."

అప్పట్నుంచి ఫోనులో 'అలర్జీ' అనే మాట వాడటం మానేశాను. అలర్జీ అంటే పెద్దవాళ్లకు తుమ్ములూ దురదలే గుర్తొస్తాయి. "బుడ్డలు గరిటెకు అంటుకున్నా వాడికి ఊపిరాడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి" అని చెబుతాను. మీరూ జరిగేదేమిటో చెప్పండి, జబ్బు పేరు కాదు.

పేరు సంగతీ ఉంది. ఒకే గింజకు మన దగ్గరే నాలుగు పేర్లు. తెలంగాణలో పల్లీలు, కోస్తాలో వేరుశనగ గుళ్లు, కర్నూలు, అనంతపురం వైపు బుడ్డలు, చిత్తూరు వైపు చెనిక్కాయలు. మొదటి ఏడాది మా ఆయన వాళ్ల అవ్వకు నేను "పల్లీలు వేయొద్దు" అని పదిసార్లు చెప్పాను. వంకాయ కూర వడ్డిస్తుంటే ఎందుకో అనుమానమొచ్చి అడిగితే, "పల్లీలు యాడేసినా నాయనా, ఊరికే రవ్వంత బుడ్డల పొడి చల్లినా అంతే" అంది. ఆ రోజు కంచం లాగేశాను కాబట్టి సరిపోయింది. అవతలివాళ్లు వాడే మాటలోనే చెప్పాలని అప్పుడే తెలిసింది.

ఫోనులో ఈ నాలుగు విషయాలు తేల్చుకోండి.

నూనె ఏది? శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. ఇప్పుడు ఊళ్లలోనూ బెంగళూరులోనూ ఆరోగ్యం పేరుతో అందరూ గానుగ నూనెకు మారుతున్నారు. మేము మాత్రం రెండు లీటర్ల పొద్దుతిరుగుడు నూనె మాతోనే తీసుకెళ్తాం, అనుమానమే ఉండదు.

పొడులు, పచ్చళ్లు ఏవి? ఇడ్లీ కారప్పొడి, గుత్తివంకాయ కూరలో వేసే మసాలా, చిక్కగా కనబడే ప్రతి పులుసూ అనుమానించదగ్గవే. జీడిపప్పు పడనివాళ్లు పాయసం, కుర్మా, పొంగలి, లడ్డూ గురించి అడగాలి. తిరుమల లడ్డూలోనూ జీడిపప్పు ఉంటుంది. ప్రసాదం వద్దనకూడదని పెద్దవాళ్లు బాధపడితే కళ్లకద్దుకుని నాన్న చేతికి ఇవ్వమని మా వాడికి నేర్పాం. నువ్వులు పడనివాళ్లకు సంక్రాంతి మరీ కష్టం. అరిసెలు, సకినాలు, జంతికలు, చిమ్మిలి అన్నిట్లోనూ అవే.

పిల్లాడికి విడిగా ఒక మూకుడు, ఒక గరిటె, ఒక గిన్నె పెట్టగలరా? అడగడానికి మొహమాటంగా ఉంటే కొత్తవి కొని తీసుకెళ్లి కానుకగా ఇవ్వండి. మా అత్తయ్య వాటి పిడులకు ఎర్రదారం కట్టి మనవడి గిన్నెలని విడిగా పెట్టింది. ఇప్పుడు ఎవరైనా వాటి మీద చేయి వేస్తే ఊరుకోదు.

ముందు వాడి వంట చేసి మూతపెట్టి, తర్వాత మిగతావాళ్లకు చేయొచ్చా? ఈ ఒక్క వరస పాటిస్తే సగం భయం పోతుంది.

వారం ముందు: సంచి

మందుల సంచి చిన్నదై ఉండాలి, ఎర్రగా ఉండాలి, పెద్దవాళ్ల భుజానికి ఉండాలి. సూట్‌కేసులో కాదు, బెర్తు కింద కాదు, కారు డిక్కీలో అసలే కాదు. అందులో ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్లు రెండు, రోజువారీ ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించి పీల్చే గొట్టం), అడ్రినలిన్ రెండు డోసులకు సరిపడా, డాక్టరు రాసిన మిగతా మందులు, ప్లాను కాగితం. ప్లాను ఫోటో తీసి ఇంట్లో అందరి వాట్సాప్‌లో పెట్టండి.

ఇన్‌హేలర్లను రంగును బట్టి గుర్తుపట్టొద్దు, కంపెనీని బట్టి రంగు మారుతుంది. టేపు ముక్క మీద ఒకదానికి 'రోజూ', ఇంకోదానికి 'అర్జెంటు' అని రాసి అంటించండి. మామూలుగా ఒక డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. లెక్క చూపే కౌంటర్ లేకపోతే మొదలుపెట్టిన తేదీ రాసుకుని లెక్కపెట్టుకోండి. డబ్బాను నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనే పాత చిట్కా నమ్మదగ్గది కాదు. ఊపితే గలగలమంది కదా అనీ నమ్మొద్దు.

స్పేసర్‌ను ముందురోజు సబ్బునీళ్లలో కడిగి, తుడవకుండా గాలికి ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే లోపల స్టాటిక్ పుట్టి మందంతా గోడలకే అంటుకుంటుంది. మందును ఆవిరిలా పట్టే నెబ్యులైజర్ యంత్రం మోసుకెళ్లాలా అని అడుగుతుంటారు. మరీ తీవ్రం కాని ఆయాసానికి స్పేసర్‌తో ఇన్‌హేలర్ దానంత బాగానే పనిచేస్తుంది, పైగా పల్లెలో కరెంటు పోయినా పనిచేస్తుంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మేము తీసుకెళ్లం.

ఎండలో ఆపిన కారులో ఇన్‌హేలర్‌ను, అడ్రినలిన్‌ను వదలకండి. అడ్రినలిన్‌ను ఫ్రిజ్‌లోనూ పెట్టక్కర్లేదు, వెలుతురు తగలకుండా పెట్టెలో ఉంచితే చాలు. ద్రవం గోధుమరంగుకు తిరిగితే పారేయండి.

దారిలో తిండి

ఒక పూట ఎక్కువే కట్టుకోండి, రైలు ఎప్పుడు ఆలస్యమవుతుందో చెప్పలేం. మా డబ్బాలో చపాతీలు, పెరుగన్నం, ఇడ్లీ, ఇంట్లో కొట్టిన కందిపొడి. పుట్నాల పొడి ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు మానేశాను. బొరుగుల బట్టీలో బుడ్డలూ పుట్నాలూ వేగేది ఒకే మూకుట్లో, ఒకే ఇసుకలో. వందేభారత్ లాంటి రైళ్లలో టికెట్టు తీసేటప్పుడే భోజనం వద్దని పెట్టుకోవచ్చు.

ప్యాకెట్ కొంటే వెనక్కి తిప్పి చదవండి. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, సోయా, ఓ మోతాదు మించిన సల్ఫైట్లు ఉంటే విడిగా చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు, ఆవాలు లేవు. అవి పడనివాళ్లు పదార్థాల జాబితా మొత్తం చదవాల్సిందే. మిఠాయి కొట్టులో తూకం వేసి ఇచ్చేవాటికి చదవడానికే ఏమీ ఉండదు కాబట్టి వాటిని వదిలేయండి.

బెంగళూరు దాటేలోపు టిఫినుకు ఆగితే నేను దర్శినిలకే, అంటే నిలబడి తినే చిన్న హోటళ్లకే ఓటేస్తాను. వంట కళ్ల ముందే జరుగుతుంది, గరిటె ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో కనబడుతుంది. పెద్ద హోటల్లో ఆర్డరు తీసుకునే అబ్బాయి నవ్వుతూ 'ఏమీ లేదు మేడమ్' అంటాడు, వంటింట్లో ఏముందో అతనికీ తెలియదు. "బరీ ఇడ్లీ, చట్నీ బేడ" అంటే సరిపోతుంది. కొబ్బరి చట్నీ అన్నా నమ్మను, చాలాచోట్ల చిక్కదనానికి పల్లీలు కలుపుతారు. కన్నడంలో అడిగేటప్పుడు ఒక మెలిక ఉంది. కడలె అంటే శనగలు, కడలెబేళె శనగపప్పు, హురిగడలె పుట్నాలు, కడలెకాయి అంటేనే వేరుశనగ. ఉత్తర కర్ణాటక వంటవాళ్లయితే శేంగా అంటారు. "ఇదరల్లి కడలెకాయి హాకిదీరా?" అని 'కాయి' వత్తి పలకండి. చిత్రాన్నం, బిసిబేళెబాత్, ఖారాబాత్ అడగకుండానే వదిలేయండి. జనవరిలో ఇరుగుపొరుగు పంచే ఎళ్ళుబెల్లలో నువ్వులు, బెల్లం, కొబ్బరి, పుట్నాలతో పాటు వేరుశనగ కూడా ఉంటుంది.

బండిలో

రైల్లో పల్లీలమ్మే అతను పక్కనుంచి పోయినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. మామూలుగా వాసనకు తీవ్రమైన రియాక్షన్ రాదు. గింజ నోట్లోకి పోవడమే ప్రమాదం, అది ఎక్కువగా చేతుల ద్వారానే జరుగుతుంది. బెర్తు, కిటికీ అంచు, ట్రే తడి వైప్స్‌తో తుడవండి. పిల్లాడు తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. శానిటైజర్ సరిపోదు, అది క్రిములను చంపుతుందేమో కానీ వేరుశనగ ప్రోటీన్‌ను తీసేయదు. పక్కసీటు వాళ్లకు ఎక్కగానే చెప్పేయండి, లేకపోతే పాపం వాళ్లే ముద్దుగా ఓ చిక్కీ ముక్క చేతిలో పెడతారు.

ఏసీ బోగీలో దుప్పటి మాత్రం వాడకండి. వాటిని కనీసం నెలకోసారి ఉతుకుతామని రైల్వే మంత్రి 2024 నవంబరులో లోక్‌సభలో చెప్పారు. ఆ నెలలో మిగతా రోజుల సంగతి మీరే ఊహించుకోండి. సొంత దుప్పటి, సొంత దిండు గలీబు ఉండాలి. ఏదైనా అయితే 139కి ఫోను చేస్తే ముందు స్టేషనులో సాయం ఏర్పాటు చేస్తారు.

కారులో అయితే ఏసీ ఫిల్టర్ మార్పించండి, అద్దానికి వేలాడే సెంటు తీసేయండి. దుమ్ములో వెళ్తున్నప్పుడు లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. దారిలో ఆగినప్పుడు రోడ్ల పక్క పొదల్లో ఫోటోలు వద్దు. అక్కడ పెరిగే వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడి చాలామందికి పడదు. దాన్ని ఇక్కడ కాంగ్రెస్ గడ్డి అంటారు, మసాలా పట్టించిన వేరుశనగను కాంగ్రెస్ కడలెకాయి అంటారు. మా ఇంటికి రెండు కాంగ్రెస్‌లూ పడవు, ఇందులో రాజకీయం ఏమీ లేదు.

ఊళ్లో దిగాక

మీరు వస్తున్నారని ఇల్లు దులపడం, సున్నం కొట్టడం మంచిదే, కానీ అది వారం ముందే అయిపోవాలి. అటక మీది పరుపులు, బొంతలు దించితే అందులోని దుమ్ముపురుగులే పిల్లాడికి శత్రువులు. గలీబులు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండేయమని చెప్పండి. దోమల చక్రం వెలిగించొద్దు, దోమతెర కట్టండి. సాంబ్రాణి, అగరొత్తులు పూజగదికే, తలుపు వేసి. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు పిల్లాణ్ని వీధిలోకి పంపేయండి.

ఇక భోగిమంట. తెల్లవారుజామున చలి, మంచు, పొగ మూడూ ఒకేసారి. మా వాడు కిటికీ మూసి లోపలినుంచి చూస్తాడు. మంట ఆరి పొగ పోయాక బయటికొస్తాడు, సాయంత్రం భోగిపళ్లు మామూలే. టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దని మాత్రం వీధిలో వాళ్లతో పోట్లాడైనా ఆపండి.

ఎవరో ఒకరు 'మృగశిర కార్తెకు నాంపల్లి తీసుకెళ్లి చేపమందు వేయించండి' అంటారు. నమ్మకాల మీద వాదన పెట్టుకోను. ఇన్‌హేలర్ ఆపేది లేదని చెబుతాను, చేపలు పడని పిల్లలకైతే ఆ ఆలోచనే వద్దంటాను.

పిల్లాడికి కూడా పని అప్పగించండి. మా వాడికి రెండే సూత్రాలు: అమ్మా నాన్నా చూడనిది నోట్లో పెట్టకూడదు, ఒంట్లో ఏదో తేడాగా ఉంటే గదిలోకి వెళ్లి పడుకోకుండా వచ్చి చెప్పాలి.

ఒకవేళ వస్తే

చేరగానే చేయాల్సిన పని ఒకటుంది. రాత్రిపూట తెరిచి, ఆక్సిజన్ ఉండే ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి రెండింటికి కారు తీసేదెవరో అడిగి పెట్టుకోండి. 108 కర్ణాటకలోనూ ఆంధ్రలోనూ పనిచేస్తుంది.

పడనిది తిన్నాక, దద్దుర్లు ఉన్నా లేకపోయినా, దగ్గు, పిల్లికూతలు, గొంతు మారడం, ఆగని వాంతులు, కళ్లు తిరగడం వీటిలో ఏదొచ్చినా ముందు తొడకు అడ్రినలిన్. ఆస్తమానా, అలర్జీనా అనే అనుమానం వచ్చినా, పడనిది తిన్నాడని తెలిస్తే అడ్రినలినే ముందు, ఇన్‌హేలర్ తర్వాత. ఇంజెక్షన్ ఇచ్చిన టైము రాసుకోండి. పిల్లాణ్ని పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి. ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే కూర్చోబెట్టండి. నడిపించకండి, కారు దాకా ఎత్తుకెళ్లండి. ఐదు నిమిషాల తర్వాతా తగ్గకపోతే ప్లానులో రాసినట్టు రెండో డోసు. తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు కాబట్టి అక్కడే ఉంచుకుని చూస్తారు.

ఉత్త ఆస్తమా అయితే కూర్చోబెట్టి స్పేసర్‌తో ఒక్కో పఫ్ విడివిడిగా, ప్రతిసారీ డబ్బా ఊపి, పఫ్‌కు నాలుగైదు ఊపిర్లు, ప్లానులో రాసినన్ని. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా కనబడినా ఇంకా ఆగకండి, 108కి ఫోను చేసి పఫ్‌లు ఇస్తూనే ఉండండి.

తిరిగొచ్చాక

ఎర్రసంచి ఖాళీ చేయకండి. ఇన్‌హేలర్‌లో ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూసి, వాడిన మందుల స్థానంలో కొత్తవి పెట్టండి. అడ్రినలిన్ గడువు తేదీకి నెల ముందు మోగేలా ఫోనులో అలారం పెట్టండి. మాది మొన్న ఆఫీసు మీటింగ్ మధ్యలో మోగింది.